కంప్యూటర్ సార్

పొద్దున నస్రుల్లాబాద్‌లో బాన్సువాడ బస్సు కోసం నిలబడే ఆయన్ను చూడండి. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు. అందులో టిఫిన్ డబ్బా, గొడుగు, దిద్దాల్సిన రికార్డులు ఉంటాయి. ల్యాప్‌టాప్‌కు చోటు లేదు. ఎమ్మెస్సీ చేశాడు, సెట్ పాసయ్యాడు, డిగ్రీ పిల్లలకు సీ లాంగ్వేజీ చెబుతాడు. ఊరి లెక్కలో మాత్రం ప్లగ్గున్న ప్రతి వస్తువూ ఆయన సబ్జెక్టే. "సార్, ధరణిల నా సర్వే నంబరు కనిపిస్తలేదు, జర తెప్పియ్యరాదు?" భూరికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. నంబరు రాలేదు, సారు మీద నమ్మకమూ పోలేదు.

డేటా స్ట్రక్చర్స్‌లో క్యూ చెప్పేరోజు సారుకు హుషారు. "ఐకేపీ సెంటర్ల ముందు పోసినోని వడ్లు ముందు కాంటా అయితయ్. అదే క్యూ" అంటాడు. వెనక బెంచీలో ఓ రైతుబిడ్డ లేచి, "కాదు సార్, మాయి పోసి ఇరవై రోజులైంది. మొన్న పోసినోనియి నిన్ననే లారీ ఎక్కినయ్" అంటాడు. సారు తొణకడు. "దాన్ని ప్రయారిటీ క్యూ అంటరు. ముందు ముందు వస్తది, కూసో." ప్రయారిటీ క్యూను ఇంతకన్నా బాగా చెప్పిన పుస్తకం నేనైతే చూడలేదు.

ఇక ల్యాబు. డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో సీ లాంగ్వేజీని తయారుచేశాడు. సారు ల్యాబులో కాలం 1990ల నాటి టర్బో సీ నీలిరంగు తెర దగ్గర ఆగింది. ఎవడో తెలివైనవాడు అదే ప్రోగ్రాం ఫోన్లో నడిపి, "కోనియో ఫైలు లేదంటుంది సార్" అంటే, "పరీక్షకు ఫోన్ రానియ్యరు గద, నీకెందుకు?" అంటాడు.

రికార్డులంటే మాత్రం ప్రాణం. ప్రోగ్రాం నీలం పెన్నుతో కుడిపేజీలో, ఔట్‌పుట్ ఎడమపేజీలో పెన్సిలుతో గీసిన డబ్బాలో. కంప్యూటరు ముఖం చూడని ప్రోగ్రాంకూ ఔట్‌పుట్ వచ్చేస్తుంది, పక్కోడి రికార్డులో వచ్చింది కాబట్టి. ఓ మహానుభావుడు 'ఎంటర్ యువర్ నేమ్' కింద పక్కోడి పేరే దించాడు. సారు శ్రద్ధగా చదివి, ఎర్రసిరాతో టిక్కు కొట్టి, 'హెడ్డింగ్ అండర్‌లైన్ చేయుము' అని రాశాడు.

ఎండాకాలం దోస్త్‌లో డిగ్రీ అడ్మిషన్లు మొదలైతే పాఠాలు పోయి సీట్ల వేట వస్తుంది. మేనేజ్‌మెంట్ చెప్పినన్ని నింపాలి. మండుటెండలో ఇంటింటికీ తిరిగి, "కంప్యూటర్స్ తీసుకుంటే సాఫ్ట్‌వేర్ల పడ్తడన్నా" అంటాడు.

"మరి నువ్వు పడలేదేంది సార్?"

"నేను పోతే మీ పోరగాళ్లకు చెప్పేదెవరన్నా?"

జవాబు పెద్దమనిషికి పెద్దగా ఆనలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. "అదంత ఏమోగని, ఈ వాట్సాప్ నిన్నటి సంది పనిచేస్తలేదు. జర చూడు."

సారు అరుగు మీద కూర్చుని, రెండేళ్లుగా పేరుకున్న గుడ్ మార్నింగ్ బొమ్మలన్నీ తుడిచేశాడు. వాట్సాప్ టింగుమంది.

"ఏ కాలేజన్నవ్ సార్? రాస్కో మావోని పేరు."