ఎనిమిది లక్షల మందికి వంట ఎవరు చేశారు?

చైనా చారిత్రక యుద్ధచిత్రాలను చూసినంతమాత్రాన యుద్ధశాస్త్రం వంటబట్టిందని ప్రకటించుకోవడం, అటుపిమ్మట ఆ శాస్త్రాన్ని వ్యాపార నిర్వహణకు అన్వయించి రుసుము తీసుకొని బోధించడం ఇటీవల ఒక వృత్తిగా స్థిరపడింది. ఈ వృత్తికి మూలగ్రంథం వంటిది జాన్ వూ దర్శకత్వంలో 2008 జులైలోను, 2009 జనవరిలోను రెండు భాగాలుగా విడుదలై, మొత్తం నిడివి నాలుగు గంటలు దాటిన ‘రెడ్ క్లిఫ్’. హాన్ చక్రవర్తిని గుప్పిట్లో పెట్టుకొని ఉత్తర చైనాను ఏలుతున్న త్సావ్ త్సావ్ దక్షిణానికి దండెత్తి రాగా, సున్ చువాన్, ల్యూ బే అనే ఇద్దరు నాయకులు చేతులు కలిపి, క్రీ.శ. 208 శీతాకాలంలో యాంగ్‌ట్సీ నదిపై చిబి, అనగా ఎర్రకొండ, వద్ద అతని నౌకలను తగులబెట్టి వెనక్కి పంపిన వృత్తాంతం దాని కథ. దిగువ సంభాషణలో వ్యూహాచార్యుడు పై వృత్తిలో ఆరితేరినవాడు. సంశయాళువు టికెట్టు కొన్నందుకు ప్రశ్న అడిగే హక్కు కూడా వచ్చిందని నమ్మేవాడు.

వ్యూహాచార్యుడు: ఎనిమిది లక్షల సైన్యం! తెరమీద నీళ్లు కనిపించవు, నౌకలే కనిపిస్తాయి. అంతటి బలగాన్ని చిన్న కూటమి ఎలా కూల్చిందో గ్రహించినవాడికి బజారులో ఏ పోటీదారుడూ ఒక లెక్కలోనివాడు కాడు.

సంశయాళువు: నిజమే కావచ్చు. ఆ ఎనిమిది లక్షల మందికి వంట ఎవరు చేశారండీ?

వ్యూహాచార్యుడు: వంటా! జరుగుతున్నది మహాసంగ్రామం, పెళ్లి కాదు.

సంశయాళువు: పెళ్లయితే రెండు పూటలతో తేలిపోతుంది. ఉత్తర చైనావారి ముఖ్యాహారం కొర్రలు. మధుమేహానికి భయపడి ఇప్పుడు హైదరాబాదులో ఎక్కువ ధరకు కొనుక్కుంటున్న ఆ కొర్రలే. మనిషికి రోజుకు కిలో చొప్పున వేసుకున్నా, వంద కిలోల బస్తాలు రోజూ 8,000 కావాలి. తెరమీద అన్ని కత్తులు తళతళలాడాయి గాని, ఆ శిబిరంలో ఒక్క గాడిపొయ్యి రాజుకున్న జాడ లేదు.

వ్యూహాచార్యుడు: తమరు రెండవ భాగం శ్రద్ధగా చూసినట్టు లేదు. శీతాకాలపు అయనాంతం నాడు సైనికులు తాంగ్‌యువాన్, అనగా జిగురుబియ్యపు పిండితో చేసి నీళ్లలో ఉడికించిన ఉండలు, తింటూ తమ సేనాని జౌ యూ గిన్నెలోకి కూడా వాటిని వేస్తారు.

సంశయాళువు: అవి దక్షిణాదివారి ఉండలు. సున్ చువాన్ సేనాని అయిన జౌ యూ చేతికి వచ్చిన సైన్యం ముప్ఫై వేలు గనుక దర్శకుడు ధైర్యంగా పొయ్యి వెలిగించాడు. పద్దెనిమిది అక్షౌహిణుల కురుక్షేత్రానికి ఉడుపి రాజు వండి వడ్డించాడని మనవాళ్లు ఒక కథైనా కట్టుకున్నారు. ఎనిమిది లక్షల మందిని నాలుగు గంటలపాటు పస్తు ఉంచాలన్న ఆలోచన వారికి రాలేదు.

వ్యూహాచార్యుడు: అంకె చరిత్రలోనిదే కదా!

సంశయాళువు: త్సావ్ త్సావ్ సున్ చువాన్‌కు పంపిన బెదిరింపు లేఖలోనిది. ఉత్తరాది దళాలు లక్షా యాభై, అరవై వేలకు మించవని, కొత్తగా లొంగిన దళాలు మరో డెబ్భై ఎనభై వేలు ఉండవచ్చని జౌ యూ ఆనాడే లెక్క కట్టాడు.

వ్యూహాచార్యుడు: అంకెను పెంచి చెప్పడమే ఒక వ్యూహం!

సంశయాళువు: అది నేర్పడానికి చైనా దాకా పోనక్కరలేదు, మన సినిమాల వసూళ్ల పోస్టర్లు చాలు.

వ్యూహాచార్యుడు: సరే, గడ్డి కప్పిన పడవలను పొగమంచులో శత్రువు ముందుకు నడిపి, అతడు వేసిన లక్ష బాణాలను ల్యూ బే వ్యూహకర్త జూగె లియాంగ్ మూడు రోజుల గడువులో ఉచితంగా సంపాదించలేదా? పెట్టుబడి లేని లాభం అంటే అదే.

సంశయాళువు: పెట్టుబడి గడ్డి, అది గుర్రాలకు వేయవలసిన మేత. పైగా ఆ ఘనత పద్నాలుగవ శతాబ్దపు నవలాకారుడు లువో గ్వాన్‌జోంగ్ కట్టబెట్టినది. 213లో సున్ చువాన్ ఎక్కిన నౌకకు ఒకవైపే బాణాలు గుచ్చుకొని అది ఒరిగిపోతే, రెండోవైపు కూడా గుచ్చుకోనిచ్చి సమం చేశాడన్నది పాత కథనం. ఆయన మునగకుండా బయటపడ్డాడు, అంతే.

వ్యూహాచార్యుడు: జౌ యూ భార్య శ్యావ్ చ్యావ్ ఒంటరిగా శత్రుశిబిరానికి వెళ్లి, తేనీటి మర్యాదతో త్సావ్ త్సావ్‌ను నిప్పుదాడికి అనువుగా గాలి మళ్లేదాకా నిలిపిన ఘట్టమైనా ఒప్పుకుంటారా?

సంశయాళువు: మనస్ఫూర్తిగా. ఆ శిబిరంలో ఎట్టకేలకు ఒకరు పొయ్యిమీద నీళ్లు పెట్టారు. ఆ ఒక్కరూ శత్రువు భార్య కావలసి వచ్చింది.

ఇంతవరకు ప్రశ్నలతో సరిపెట్టుకున్న సంశయాళువు ఇక్కడ ఉపన్యాసానికి దిగాడు. త్సావ్ త్సావ్ సైన్యంలో అప్పటికే రోగం ప్రబలిందని మూడవ శతాబ్దపు చరిత్రకారుడు చెన్ షౌ రాశాడని, ఒకదానికొకటి ఆనించి కట్టిన ఓడలపైకి సున్ చువాన్ పక్షపు సేనాని హ్వాంగ్ గాయ్ లొంగిపోతున్నట్టు నటించి నిప్పుపడవలను తోలాడని, అనుకూలమైన గాలి మిగిలిన పని పూర్తి చేసిందని, ఓడినవాడేమో రోగం మూలంగా ఓడలను తానే కాల్చుకొని వెళ్లానని తరువాత ఉత్తరం రాసుకున్నాడని, ఇందులో గాలికీ జ్వరానికీ చెందవలసిన వాటాను సేనానులకు పంచి, సేనానుల వాటాను శిక్షకులు పుచ్చుకోవడం అధర్మమని అతడు తడుముకోకుండా చెప్పుకుపోయాడు. వ్యూహాచార్యుడు ఓపికగా విని, ఆ ఎర్రకొండ మీద నిలబడితే సందేహాలన్నీ తీరుతాయన్నాడు.

సంశయాళువు: ఏ కొండ మీద? హూబే రాష్ట్రంలో రెండున్నాయి. సాంగ్ వంశకాలపు మహాకవి సూ షి హ్వాంగ్‌జౌకు ప్రవాసానికి పంపబడి, 1082లో అక్కడి ఎర్రకొండ కింద పడవలో విహరిస్తూ ఈ యుద్ధాన్ని తలచుకొని అద్భుతమైన రచనలు చేశాడు. యుద్ధం జరిగింది అక్కడ కాదని, నదికి ఎగువన వేరే చోటని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. అందుకే ఒకటి సాహిత్యపు ఎర్రకొండ, మరొకటి యుద్ధపు ఎర్రకొండ. రెండవదాని ఊరు 1998లో తన పాత పేరు వదిలి చిబి అని పెట్టుకొని హక్కు స్థిరపరచుకుంది.

వ్యూహాచార్యుడు: భేషైన సంగతి చెప్పారు! రెండు రోజుల యాత్రాశిబిరం పెట్టవచ్చు: మొదటి రోజు యుద్ధం జరిగిన కొండ, రెండవ రోజు జరగని కొండ.

సంశయాళువు: దేనికి రుసుము ఎక్కువ?

వ్యూహాచార్యుడు: జరగనిదానికే. జరిగినచోట ఆధారాలు అడిగే తమబోటివారు తగులుతారు.