ఎస్ క్యాపిటల్ బాబూ!

“సార్, పాస్‌వర్డ్ చెప్పండి” అని ఐటీ సపోర్ట్ కుర్రాడు ఫోన్లో అడగడమే ఆలస్యం, మన పెద్దమనుషులు గొంతు సవరించుకుంటారు. “ఎస్ క్యాపిటల్ బాబూ... తర్వాత ఆర్, ఐ... చివర్న ఎట్ ది రేట్, మా పెద్దమ్మాయి పుట్టిన సంవత్సరం.” పక్క సీట్లవాళ్లు, టీ తెచ్చిన అబ్బాయి, జిరాక్సు దగ్గర నిలబడ్డవాళ్లు విని తరిస్తారు. మర్చిపోతానేమోనని కుర్రాడు దాన్ని టికెట్ నోట్స్‌లో రాసి పెట్టుకుంటాడు కూడా. ఎంత శ్రద్ధ!

అదే ఆఫీసు పొద్దున మెయిల్ పంపి ఉంటుంది, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని, ఆఖరికి ఐటీ వాళ్లకు కూడా. దాని మీద క్విజ్ పెట్టి మార్కులు సైతం వేస్తుంది. నూటికి నూరు తెచ్చుకున్న ఘనుడే మధ్యాహ్నం ప్రింటర్ మొరాయించగానే క్యాపిటల్, స్మాల్ అంటూ పాఠం అప్పజెబుతాడు.

పాస్‌వర్డ్లు కాజేయడానికి వెనకటికి ఎంత కష్టపడ్డారో చూడండి. 1962లో ఎం.ఐ.టి.లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన కంప్యూటర్ టైము చాలక, పంచ్ కార్డు పెట్టి అందరి పాస్‌వర్డ్ల ఫైలునూ ప్రింటు తీయించుకున్నాడు. పాపం, అమాయకుడు. అన్ని తిప్పలెందుకు? ఫోను చేసి “సార్” అంటే పోయేది.

ఐటీ కుర్రాడు దూరాన్నుంచే మన కంప్యూటరు తెర చూసి బాగుచేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర కనబడకుండా చేయడం వాటికి రాదా? భేషుగ్గా వచ్చు. ఎనీడెస్క్‌లో ప్రైవసీ మోడ్ ఉంది, టీమ్‌వ్యూయర్‌లో తెర నల్లబరిచే మీట ఉంది. నల్లబడేది ఎవరికనుకున్నారు? కంప్యూటరు ముందు కూర్చున్న ఆసామికి! ఇంటినుంచి ఆఫీసు కంప్యూటరు వాడుకునేవాళ్లకు అది అక్కరకొస్తుంది, కాదనను. కానీ సాయానికి వచ్చినవాడి పని ఆసామి చూడకుండా దాచడం తెలిసిన మహానుభావులకు, ఆసామి పాస్‌వర్డ్ కొట్టుకునేటప్పుడు సాయానికి వచ్చినవాడి తెర మూయడం ముఖ్యమని తోచలేదు.

మైక్రోసాఫ్ట్‌కు మాత్రం తోచింది. 2007లో అమ్మకానికొచ్చిన విండోస్ విస్టా నుంచీ, అడ్మిన్ అనుమతి అడిగే పెట్టె విడిగా ఒక సురక్షిత తెర మీద వస్తుంది. వాళ్ల దూరసాయం యాప్ క్విక్ అసిస్ట్‌లో దూరాన్నుంచి చూసేవాడికి ఆ కాసేపూ చీకటే. ఇంత మంచి ఏర్పాటును మన అడ్మిన్ మహాశయులు ఊరికే వదులుతారా? పనికి అడ్డొస్తోందని చాలాచోట్ల గ్రూప్ పాలసీ సెట్టింగుల్లో దాని పీక నొక్కేశారు.

చేతిలో ఫోను నయం. తెర ఎవరికో చూపిస్తూ బ్యాంకు యాప్ తెరిస్తే, చాలా యాప్‌లు అవతలివాడికి నల్లతెర చూపిస్తాయి. పదివేల ఫోనుకున్న పాటి సిగ్గు లక్షల లైసెన్సు కట్టిన ఆఫీసుకు లేదు.

2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ పేరెత్తి మరీ బ్యాంకులను హెచ్చరించింది, దాన్ని అడ్డం పెట్టుకుని దొంగలు ఖాతాలు ఊడుస్తున్నారని. ఆ దొంగ కూడా “సార్” అనే అంటాడు. మర్యాద అదే, గొంతు అదే, తొందర అదే. అసలువాడు అడిగితే చెప్పడం మప్పింది ఐటీ పెద్దలైన మీరు. నకిలీవాడికి చెప్పారని ఇప్పుడు జనాన్ని తిడుతున్నదీ మీరే.

ఐటీ పెద్దలారా, పాస్‌వర్డ్ పెట్టె రాగానే మీ వైపు తెర మూయండి, తెర రికార్డింగు నడుస్తుంటే ఆపండి. పది సెకన్ల పని. వాళ్లు ఆ పని చేసేదాకా, పాఠకులారా, కుర్రాడు అడిగితే మెత్తగానే చెప్పండి: “కనెక్షన్ తీసెయ్ నాయనా, నేను కొట్టుకుని మళ్లీ పిలుస్తా.”