స్టేటస్ అక్క

సిద్దిపేటలో దుకాణం లేని షావుకారు ఎవరంటే స్టేటస్ అక్క. ఆమెకు షట్టర్ లేదు, గల్లాపెట్టె లేదు, బోర్డు అంతకన్నా లేదు. ఉన్నవల్లా ఒక ఫోను, ఒక రింగ్ లైటు, డబుల్ కాట్ నిండా చీరలు, ఆ మంచం మీద పడుకునే హక్కు పోగొట్టుకున్న బావ. ఆమె వాట్సాప్ స్టేటస్ చుట్టూ ఉండే గీత ముక్కలై ముక్కలై చుక్కలుగా మారిందంటే కొత్త స్టాకు దిగినట్టే.

"రేటెంత అక్కా?" అని గ్రూపులో అడిగితే "పర్సనల్‌ల పెట్టిన సూడు" అంటుంది. పర్సనల్‌లో ధర మనిషిని బట్టి ఉంటుంది. టీచరమ్మకు ఒకటి, ఆడబిడ్డకు ఒకటి, అమెరికాలో బిడ్డ ఉన్నామెకు ఇంకొకటి.

ఓ సాయంత్రం కోమటిచెరువు కట్ట మీద లైవ్ పెట్టింది. "హాయ్ ఫ్రెండ్స్! ఇది మన సిద్దిపేట గొల్లభామ చీర, ఒరిజినల్!" తలమీద కుండతో నడిచే ఆ భామను నేతన్న మగ్గం మీద పోగు పోగుగా నిలబెట్టాలి. దానికి భౌగోళిక గుర్తింపూ ఉంది. ఆ పేరు వేరే సరుకుకు తగిలించి అమ్మితే 1999 నాటి చట్టం జైలు దాకా తీసుకుపోతుంది. అక్క చేతిలోని భామ మాత్రం సూరత్‌లో ప్రింటై పార్సిల్‌లో వచ్చింది. అదే మాటంటే, "సూరత్‌ల పుడితేంది? సిద్దిపేటకు కోడలైంది గద!" అంది.

"నాది దుకాణమా? ఇంట్ల కూసోని నలుగురికి సూపెడ్తున్న, అంతే" అన్నది ఆమె శాశ్వత వాదన. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వదిలిపెట్టింది ఎప్పుడో ఒకసారి సొంత వస్తువు అమ్ముకునేవాళ్లను. అక్క లెక్కలో ఎప్పుడో ఒకసారి అంటే గంటకోసారి.

ఆమె రాజ్యాంగంలో అధికరణాలు మూడే: నో రిటర్న్, నో ఎక్స్చేంజ్, పార్సిల్ ఓపెనింగ్ వీడియో కంపల్సరీ. బిల్లు అడిగితే "ఫోన్‌పే కొట్టినవ్ గద, గదే బిల్లు." బిల్లు ఇవ్వకపోవడం, గడువేదీ చెప్పని చోట పాడైన సరుకును 30 రోజుల్లోపు వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపారమని 2019 వినియోగదారుల చట్టం అంటుంది. ఆ సంగతి ఒకామె మెసేజ్ పెడితే అక్క చదివి బ్లూ టిక్ పడనివ్వలేదు.

ఎండాకాలం మామిడికాయ తొక్కు అమ్మకం. ఇంట్లో పట్టి అమ్మినా ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, 14 అంకెల నంబరు రావాలి. "మా అత్తమ్మ చేతి తొక్కుకు సర్కారు నంబరెందుకు?" అంటుంది. ఆ తొక్కు కిలో ఎంతకు పోతుందో కలిపిన అత్తమ్మకూ పర్సనల్‌లోనే చెప్తుందట.

మొన్న దసరాకు వేరే గ్రూపులో వన్ గ్రామ్ గోల్డ్ హారం కొనుక్కుంది. బతుకమ్మ ఆడి వచ్చేసరికి అది నల్లబడింది. అప్పుడు చూడాలి అక్క విశ్వరూపం! "బిల్లియ్యవ్, వాపసు తీస్కోవ్, చట్టం లేదనుకున్నవా? 1915కు ఫోన్ కొడ్త! వినియోగదారుల కమిషన్ల కేసేస్త!" అని వాయిస్ మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టింది.

అవతలామె అన్నీ విని ఒక్క ముక్క పంపింది: "ఓపెనింగ్ వీడియో తీసినవా అక్కా?"