ఎల్‌కేజీకి గొలుసు తాకట్టు

మా రోజుల్లో ఆడవాళ్ల మెడలో గొలుసు తాకట్టుకు వెళ్లిందంటే పంట పోయిందనో, పిల్ల పెళ్లి కుదిరిందనో అర్థం. పిల్లాణ్ణి బళ్లో వెయ్యడానికి నగ కుదువ పెట్టిన ఇల్లు మా ఊళ్లో నేనెరగను. ఇప్పుడు జూన్ వచ్చిందంటే బంగారం మీద అప్పిచ్చే కొట్ల ముందు తల్లులే కనిపిస్తున్నారు.

మా వీధిలో ఆటో నడుపుకునే కుర్రాడికి ఇద్దరు పిల్లలు. చిన్నాడిది ఎల్‌కేజీ. ఫీజు ఒక్కటే అయితే ఎలాగో కట్టేవాడు. అడ్మిషన్‌కి వేరే, వ్యానుకి వేరే, పుస్తకాల సెట్టు బడివాళ్ల దగ్గరే కొనాలి, శనివారానికి తెల్ల డ్రస్సు, తెల్ల బూట్లు. గేదెను కొందామని భార్య డ్వాక్రాలో తీసిన లోను మొదటి టర్మ్‌కే చెల్లిపోయింది. రెండో టర్మ్‌కి చీటీ పాడారు. అయినా బాకీ మిగిలిందని పరీక్ష రోజున పెద్దపిల్లని తరగతి బయట నిలబెట్టారు. నాలుగో తరగతి పిల్ల! డబ్బు కట్టలేనిది తండ్రి, తల దించుకున్నది ఆ పసిది. ఆ మాట విన్న రోజున నాకు అన్నం సయించలేదు.

మేం చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో మోతుబరి కొడుకూ, పాలేరు కొడుకూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. మేష్టారి పిల్లలూ అక్కడే. పై తరగతి వాళ్ల పాత పుస్తకాలు సగం ధరకి కొనుక్కునేవాళ్లం. అప్పుడంతా బాగుందని అనను. ఆడపిల్లలు చాలామంది ఐదో తరగతితోనే ఆగిపోయారు. కానీ బళ్లో లెక్కల మేష్టారు లేకపోతే ఊరు ఊరుకునేది కాదు, గట్టిగా అడగగలిగిన వాళ్ల పిల్లలూ అందులోనే ఉన్నారు గనక. 1971లో సర్వేలులో గురుకులం పెట్టింది ప్రభుత్వమే. ఆ తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు వచ్చాయి. సర్కారు బళ్లే అయినా వాటిలో సీటు కోసం పిల్లలు పోటీ పరీక్ష రాసేవారు.

నేడు సర్కారు బడి మేష్టారే తన పిల్లల్ని ప్రైవేటు వ్యాను ఎక్కిస్తున్నారు. ఇక ఆటో కుర్రాణ్ణి ఏమనగలం? ఇంగ్లీషు రాకపోతే బిడ్డ కూలికి పోతాడేమోనని అతని భయం.

2020లో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మ ఒడి అని తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు, ఇప్పుడది తల్లికి వందనం. ఆ డబ్బు ప్రైవేటు ఫీజులో ఏ మూలకూ రాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బళ్లలో ఒకటో తరగతి సీట్లలో నాలుగో వంతు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలంది. ఆ సంగతి ఆ ఆటో కుర్రాడికి చెప్పిన నాథుడు లేడు.

ప్రభుత్వ బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. అంటే బడి బాగోగులు అడిగే చోటు మీకుంది. అమ్మా, అయ్యా, ఈ జూన్‌లో గొలుసు తియ్యకముందు ఒక్కసారి మీ ఊరి బడికి వెళ్లి చూడండి. జీతాలున్న వాళ్లూ, పలుకుబడి ఉన్న వాళ్లూ, ముందు మీ పిల్లల్ని అక్కడ చేర్చండి.