కాళ్ళు చూచి మనుష్యుని ఎఱుగు విధము

మనుష్యుని గుణమెఱుగుటకై వానితో నాలుగేండ్లు కలిసి మెలగవలసిన శ్రమను మన పెద్దలు ఏనాడో తప్పించినారు. వానికి కాళ్ళుండిన చాలును. ఇందుకు శ్రీకూర్మమంత అనువైన క్షేత్రము వేఱొకటి లేదు. ఎంతటివాడైనను గుడి యెదుట చెప్పులు విడువక తప్పదు గదా!

మొదట శ్వేతపుష్కరిణి మెట్లమీద, వచ్చువారి పాదములు కనబడునట్లు కూర్చుండవలెను. చెమర్పక, మెత్తనై, నరములు తేలక, తాబేటి వీపువలె ఉబికియుండు పాదములు రాజునకుండునని 6వ శతాబ్ది వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పినాడు కనుక, సాక్షాత్తు కూర్మనాథుని సన్నిధిని, ఆవరణలో నక్షత్రపు తాబేళ్ళు ఆకుకూర నములుచుండగా, ఉపమేయమును ఉపమానముతో సరిచూచుకొను భాగ్యము మఱెక్కడ దొరకును? నేనట్లే ఒకనాడు సరిచూచి, ఒక నడివయసువానియందు రాజలక్షణములు సంపూర్ణముగా నున్నవని నిశ్చయించి, నా క్రొత్తచెప్పులు కాస్త కనిపెట్టియుండుమని వానికప్పగించి దర్శనమునకు పోతిని. తిరిగివచ్చుసరికి చెప్పులును లేవు, రాజును లేడు. శాస్త్రము తప్పలేదు; పరుల సొత్తు తనదనుకొనుట రాజలక్షణమే.

పుట్టుమచ్చ చెడ్డచోట నున్నచో దానిని పులిపిరి యనవలెను.

మగవానికి కుడికన్ను అదరుట శుభము. ఎడమకన్ను అదరినచో, రాత్రి నిద్ర చాలలేదు.

జోస్యము తప్పినట్లు తోచినను తొందరపడరాదు. యుద్ధకాండలో నాగపాశబద్ధులైన రామలక్ష్మణులను చూచి, సీతయంతటిది తన పాదములందలి పద్మరేఖలను తలచుకొని, తనకు వైధవ్యము లేదన్న లాక్షణికులు అబద్ధమాడిరని వాపోయినది. గరుత్మంతుడు వచ్చినపిమ్మట వారి మాటయే నిలిచినది. కావున మన మాట ఫలింపనప్పుడెల్ల, గరుత్మంతుడింకను బయలుదేరలేదని చెప్పవలెను.

ఇక పెండ్లిచూపులు. నడుచునప్పుడు చిటికెనవ్రేలు నేలనంటని పిల్ల ఇంటికి చేటని చిన్ననాటినుండి మా యింట వింటిని. తమ్మునికి సంబంధము చూడబోయినప్పుడు, కాళ్ళు కడుగుకొని వచ్చిన ఆ పిల్ల అడుగుల తడి గచ్చుమీద ఆరకముందే లెక్కించితిని. నాలుగే వ్రేళ్ళు పడినవి. నేనేమియు ననలేదు, మా అమ్మవైపు ఒక్కసారి చూచితిని, అంతే. ఆ చూపు ఆ పిల్లయు కనిపెట్టినది కాబోలు, కాలివ్రేళ్ళను మెల్లగా ముడిచి కుచ్చెళ్ళ క్రిందికి లాగికొన్నది. సంబంధము తప్పిపోయినది.

ఆ రాత్రి ఇంట అందఱును పడుకొన్నపిమ్మట, నూతిపళ్ళెమువద్ద కాళ్ళు తడుపుకొని నేనును గచ్చుమీద నాలుగడుగులు వేసి, దీపము దింపి చూచితిని. నాలుగే వ్రేళ్ళు. మగవాని చిటికెనవ్రేలి మాట మా యింట ఎవ్వరును ఎన్నడును ఎత్తలేదు.