మేయరు లేని మేరీ

ఫ్రెంచి అభివృద్ధి సంస్థ సహాయంతో పుదుచ్చేరి కుళాయిల్లో 24 గంటలూ నీళ్లట! ఒర్లియంపేట టీకొట్టు దగ్గర ఆ మాట విన్నప్పటి నుంచి నాకు దాహం ఎక్కువైంది. ఆ సహాయం అప్పే. అప్పుని సహాయం అనడం కొత్తేం కాదు లెండి. మా యానాంలో వడ్డీ వ్యాపారీ అంతే, "ఏదో సాయం చేస్తున్నామండీ, ఆయ్" అంటాడు. కాకపోతే అతను రిబ్బను కత్తిరించడు.

రిబ్బను మహిమ చూడాలంటే బీచ్ రోడ్డుకి రండి. ఫ్రెంచివాళ్ల నాటి మేరీ భవనం 2014 నవంబరు వానలకి కూలింది. ప్రపంచ బ్యాంకు డబ్బుతో, తీరప్రాంత విపత్తుల పద్దు కింద, అచ్చం పాతదానిలాగే మళ్లీ లేపారు. 2021 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ప్రారంభించారు. స్తంభాలున్నాయి, కమానులున్నాయి, తెల్లసున్నం మెరుపుంది. మేరీ అంటే మేయరు కచేరీ. ఆ మేయరొక్కడే లేడు.

లేడంటే సెలవు పెట్టాడని కాదు. ఇక్కడ 1968 తర్వాత స్థానిక ఎన్నికలు జరిగింది 2006లో. మధ్యలో 38 ఏళ్లు! ఆ గెలిచినవాళ్ల గడువు 2011లో తీరిపోయింది. మళ్లీ ఓటు పెట్టె కనపడలేదు. మేయరనండి, ఛైర్మననండి, ఆ కుర్చీకి మనిషే లేడు. పడిపోయిన గోడలు ఆరేళ్లలో లేచాయి. పడిపోయిన కౌన్సిలుకి మాత్రం ఏ బ్యాంకూ అప్పివ్వదు కాబోలు. సాయంత్రాలు కొత్తజంటలు ఆ భవనం ముందు ఫొటోలు దిగుతుంటే నాకు నవ్వొస్తుంది: పెళ్లికొడుకే లేని విడిదింటి ముందు అసలు పెళ్లికొడుకులు!

నవ్వింది చాలు. మా కుళాయిలో మురుగు వాసనొస్తే ఎవర్నడగాలి నేను? వార్డుకి సభ్యుడు లేడు. ఒక ఆఫీసుకెళ్తే ఇంకో ఆఫీసు చూపించారు, అక్కడికెళ్తే భోజనాల వేళన్నారు. మా పైపుల లెక్కలు పారిస్ దాకా వెళ్తాయి, మా వీధి దాకా రావు. అప్పు తీర్చేది మేము, అడిగే హక్కు మాకు లేదు. సిగ్గుండక్కర్లేదూ?

అప్పు తెచ్చి, రిబ్బను కత్తిరించి, జనాన్ని మరవడం ఆఫ్రికా వాళ్లకి పాత కథే. డాకర్‌లో ఫ్రెంచి రైలుని 2019 జనవరిలో ప్రారంభించేశారు, జనం ఎక్కింది 2021 డిసెంబరులో. కెన్యాలో చైనా అప్పుతో వేసిన పట్టాలు ఉగాండా సరిహద్దుకి పోవాల్సింది, 2019లో నైవాషా దగ్గర ఆగాయి. వాయిదాలు ఆగలేదు.



మా 24 గంటల నీళ్ల పండగ ఎప్పుడు చేసినా మేరీలోనే పెట్టుకోండి. మేయరెలాగూ అడ్డురాడు. నేను బిందెతో వస్తాను.