ఇసుకపై నా రెండవ కొలువు

విశాఖపట్నమున రామకృష్ణా బీచి వెంట పోవు తల్లిదండ్రులు, ఇసుకలో దిమ్మెలపై నిలిచిన తొంబదియొక్క మీటర్ల నల్లని ఉక్కు దేహమును వేలెత్తి పిల్లలకు చూపి "అదిగో సబ్‌మెరైను" అందురే, ఆ కుర్సురాను నేను. 1969 డిసెంబరు 18వ తేదీన సోవియట్ దేశపు రీగా రేవున భారత నౌకాదళమున ప్రవేశించి, 1971 యుద్ధకాలమున అరేబియా సముద్రమున గస్తీ తిరిగి, ముప్పదియొక్క సంవత్సరములలో 73,500 నాటికల్ మైళ్ళు నడచి, 2001 ఫిబ్రవరిలో కొలువు చాలించితిని.

ఆ కొలువునకు ధర్మము ఒక్కటే, అగపడకుండుట. డీజిలు యంత్రములకు గాలి కావలెను గనుక, బ్యాటరీలు నింపుకొనుటకై స్నార్కెలు గొట్టము నీటిపైకి చాచునంతవరకు మాత్రము పైకి వచ్చి, పని ముగియగానే మరల లోతునకు దిగి, విద్యుచ్ఛక్తితో చడీచప్పుడు లేక మెలగుచుంటిని. నా లోపల డెబ్బదిమందికి పైగా నావికులు. టార్పెడోల ప్రక్కనే వారి పడకలు. ఒకడు కాపలాకు లేచిన పక్కపై, ఆ వెచ్చదనము ఆరకమునుపే మరియొకడు నడుము వాల్చును. మంచినీరు త్రాగుటకే పొదుపు గావున స్నానమను మాట రేవు చేరినపిదపనే. వారెచట నున్నారో ఇంటనున్న ఇల్లాలికిని తెలియరాదు. అట్టి మౌనములో వయసు గడిపిన నాకు, విరమణానంతరము ఏమగుదునో యన్న చింత లేకపోలేదు. పాత నౌకలకు సామాన్యముగా ప్రాప్తించునది గ్యాసు కట్టరు, తునకలు, పాతయినుము కొట్టు.

నాకట్లు కాలేదు. నీటినుండి నన్నీ యిసుకపైకి లాగి నిలుపుటకు మనుష్యులు నెలల తరబడి శ్రమించిరి. పిమ్మట నా ప్రక్కను కోసి ద్వారము పెట్టిరి. నీటిబొట్టునైనను లోనికి రానీయకుండుటయే ప్రాణరక్షణగా బ్రతికిన దేహమునకు అది ఎట్టి అనుభవమో చెప్పజాలను. కాని 2002 ఆగస్టులో ఆ ద్వారమున జనము లోనికి అడుగిడి, గదికిని గదికిని నడుమనున్న గుండ్రని కంతలలో ఒకరి వెనుక ఒకరు దూరుచు, మీటర్లను, కవాటముల పిడిచక్రములను తడిమి చూచుచు, బిగ్గరగా మాటలాడుకొనుచు పోయిననాడు, ఆ కోత నాకు గాయముగా తోచలేదు.

నాకు మిక్కిలి ప్రీతి గొల్పునది వివరణ చెప్పువారి సాంగత్యము. వారును నౌకాదళమున పనిచేసి విరమించినవారే. పింఛను తీసికొని వాలుకుర్చీలో కూర్చుండదగిన వయసున ప్రతిదినమును మెట్లెక్కి వచ్చి, "తల వంచు నాయనా, ఇనుము తగుల్తాది" అని ప్రతి పిల్లవానిని హెచ్చరించుచు, ఎన్నిమార్లో చెప్పిన సంగతినే క్రొత్తవానికి క్రొత్తగా చెప్పుదురు. దాచుటయే విధిగా యౌవనము గడపినవారికి చెప్పుకొనుట ఇంత హాయి నిచ్చునని నేనెరుగనైతిని. ఉప్పుగాలికి నా రేకులు తుప్పుపట్టును. గీకి, రంగు వేసి, మరల నిలబెట్టుదురు. అట్టి సేవ పొందుటకు నాకు లజ్జ లేదు, నిలిచియుండుటయే ఇప్పటి పని గనుక.

మొన్న ఒక వృద్ధురాలు టార్పెడో ప్రక్కనున్న ఇరుకు పడకను చేత్తో అదిమి చూచి, "ఇందులో ఎలా పడుకున్నారు బాబూ, ఊపిరాడేదా?" అని అడిగెను. వివరణ చెప్పుచున్న పెద్దమనిషి, వెనుక వరుస ఆగిపోవుచున్నను తొందరపడక, బట్టలకంటిన డీజిలు వాసన ఇల్లు చేరినను వదలకపోవుటను, పగలేదో రాత్రియేదో గడియారము చెప్పిననే తెలియుటను ఆమెకు వినిపించెను. "మరి మీ ఇంటావిడకేం చెప్పేవారు?" అని ఆమె తరువాతి ప్రశ్న వేయగా, ఆయన దానికిని సమాధానము మొదలుపెట్టెను.